మేస్త్రీ తేటనీళ్లు

నీటినాచు నుంచి తీసిన జిగురు పొడి రంగునీళ్లను తేటపరుస్తుందని అల్లుడంటే, అద్దకం మేస్త్రీ వీసమెత్తు నమ్మలేదు. తీరా అల్లుడు ఎర్రరంగు నీళ్లలో పొడి కలిపితే, మేస్త్రీ అటు తిరిగి ఇటు తిరిగేలోగా బకెట్‌లో ఎరుపంతా ముద్దలై అడుక్కి దిగింది.

"బకెట్ మార్చేశావు కదూ?"

"ఒట్టు మామయ్యా! ఈసారి మీరే కలిపి చూడండి."

మేస్త్రీ తలుపు గడియపెట్టి, తన చేత్తోనే పొడి కలిపి, అరగంట బకెట్‌కి కాపలా కూర్చున్నాడు. నీళ్లు అద్దంలా తేరాయి. వెంటనే కాలువలోకి వదిలే రంగునీళ్లన్నిట్లోనూ ఆ పొడి కలిపించాడు.

మర్నాడు, కార్ఖానా నుంచి కాలువలోకి పోయే నీళ్లు పరీక్షించడానికి ఆఫీసరు వచ్చాడు. మేస్త్రీ ఛాతీ విరుచుకుని తేటనీళ్ల సీసా అందించాడు.

ఆఫీసరు దాన్ని వెలుతురుకెత్తి నిట్టూర్చాడు.

"ఏటేటా కుళాయి నీళ్లే పట్టి ఇస్తావు. అసలు నీళ్లు ఎక్కడ దాచావయ్యా?"