గేటు అవతలి కొండ

ఆరు వారాలుగా గీసేది ఆకాశమే. షెరిల్‌కి ఒళ్లు మండిపోతోంది.

ఎడారి నడుమ ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణం చివర, ఎండిన ఏటి ఒడ్డున రేకుల షెడ్డు. అక్కడ రోజూ మేనత్త గ్వెండా ఎదురుగా కూర్చుని కాగితం తడపాలి, అట్టను వాలుగా పెట్టాలి, నీలాన్ని పైనుంచి కిందికి దిగనివ్వాలి. ఆరుతున్న రంగును మళ్లీ ముట్టుకోకూడదు. షెరిల్ ముట్టుకునేది, మరక పడేది. అత్త మాట్లాడకుండా కాగితం తిరగేసి వెనకవైపు మొదలుపెట్టమనేది.

షెరిల్‌కి యాభై దాటాయి. రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, ఆదివాసీ పిల్లల్ని తెల్లవాళ్లలా పెంచాలని సర్కారువాళ్లు తల్లి ఒళ్లోంచి లాక్కుపోయి, ఎక్కడో దూరాన అడిలైడ్ నగరంలో ఎవరో తెల్లవాళ్లింట్లో పెంచారు. దొంగతనానికి కాగితం పుట్టిస్తే దాన్ని సంరక్షణ అంటారు కాబోలు! తను తిరిగొచ్చేసరికి తండ్రి పోయి పదేళ్లయింది. మీ నాన్నది ఫలానా కొండ అన్న మాట ఒక్కటే మిగిలింది. ఆ కొండను తన చేత్తో గీయాలని పట్టుబట్టి, బొమ్మలు గీసి అమ్మే అత్త దగ్గర నేర్చుకోడానికి చేరింది.

ఏడో సోమవారం ఇంట్లోనే గీసి తెచ్చింది, పెట్రోలు బంకువాళ్లిచ్చిన క్యాలెండరు చూసి. ఎర్రటి కొండ, ఊదా నీడలు, మరకలేని ఆకాశం. తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది.

గ్వెండా బొమ్మను కళ్లకు ఆనించుకున్నంత దగ్గరగా చూసింది. తర్వాత కుంచెలు కడిగిన నీళ్ల డబ్బా ఎత్తి దానిమీద కుమ్మరించింది.

"పిచ్చెక్కిందా అత్తా నీకు!"

"ఎక్కడ నిలబడి చూశావే ఇది?"

"క్యాలెండర్లో..."

"ఆ ఫొటో తీసినోడు ఎక్కడ నిలబడ్డాడు? రోడ్డు మీద, బస్సుల పక్కన. మీ నాన్న ఒక్కనాడైనా అటునుంచి చూశాడా? అది టూరిస్టుల కొండ. మనది కాదు."

"ఇటో అటో నాకెలా తెలుస్తుంది? నన్ను ఇక్కడ ఉండనిచ్చారా ఎవరైనా? ఆరు వారాలు ఆకాశం తుడిపించావ్. నువ్వు గీసినవన్నీ అమ్ముడుపోయాయి, ఒక్కటైనా నా కంటబడిందా? సరే, తీసుకెళ్లు మీ వైపుకి. చూసే గీస్తా!"

"తీసుకెళ్లాలా?" గ్వెండా ఖాళీ డబ్బాను ఠక్కున బల్ల మీద పెట్టింది. "పందొమ్మిదేళ్లయిందే ఆ దారికి గేటు పెట్టి. డబ్బున్నోళ్లకి బంగళాలు కట్టి తాళమేశారు. అర్జీలిచ్చాం. ఆఫీసోడు టీ ఇచ్చి పంపాడు. మీ నాన్న ఆ గేటు పట్టుకుని పొద్దంతా నిలబడొచ్చాడు. మళ్లీ కుంచె ముట్టలేదు."

షెరిల్ బొమ్మ మీది నీళ్లను చేత్తో బల్ల కిందికి తుడిచింది.

"అప్పట్నుంచి కళ్లు మూసుకునే గీస్తున్నా. ఇప్పుడు కళ్లు మసక, చెయ్యి వణుకు. మన వైపు కొండ నా తలకాయలో తప్ప ఎక్కడా లేదు. నువ్వూ బస్సుల వైపే గీస్తే, వాళ్ల తాళానికి తోడు మనమే ఇంకో తాళం వేసినట్టు."

షెరిల్ తడిసిన బొమ్మను ఉండచుట్టి మూలకి విసిరికొట్టింది. కొత్త కాగితం బల్లకు అంటించింది. అత్త మీది కోపం అలాగే ఉంది, కాకపోతే ఇప్పుడది గేటు దాకా పాకింది.

"చెప్పు. నువ్వు చెప్తుంటే వేస్తా."

గ్వెండా కళ్లు మూసుకుంది. "ముందు ఆకాశం. లేత రంగు ముందు, ముదురు చివర్న. ఆరనీ. ఇప్పుడు కొండ. కుడి భుజం కిందికి. ఇంకా కిందికే! మధ్యలో చిన్న గంటు. ఆగు, ఎడమ పక్కన నిలువునా రెండు వేళ్ల వెడల్పు వదిలెయ్. అక్కడ రంగు పడకూడదు."

"ఏముందక్కడ?"

"తెల్లమాను. మీ నాన్న పుట్టింది దాని కిందే. మనం తెల్లరంగు వాడం. కాగితాన్ని వదిలితేనే తెలుపు."

షెరిల్ ఊపిరి బిగబట్టి రెండు పక్కలా ఎరుపు పూసింది. మధ్యలో మాను లేచి నిలబడింది.

"ఇంకా ఉందా అత్తా అది?"

"గేటు స్తంభాలు పాతేప్పుడు కొట్టేశారు."

షెరిల్ పిడికిలి బిగిసింది. బల్లతో సహా అంతా తిరగేయాలన్నంత కోపం వచ్చింది. పిడికిట్లోని కుంచె కొసన ఎర్రచుక్క ఉబ్బి మాను మీదికి జారబోయింది. చప్పున ఎడమచెయ్యి అడ్డం పెట్టి, చుక్కను అరచేతిలో పట్టుకుంది.