ఒక్క ఊపిరిలో ఎనిమిది

జలపాతం ఫొటోలో పాలధారలా పడాలంటే షట్టరు ఎనిమిది సెకన్లు తెరిచి ఉంచాలి. ఆ ఎనిమిదీ లెక్కపెట్టేది ఫొటోగ్రాఫరు కాదు, అతని అక్క. ముప్ఫై ఏళ్లుగా అదే వరస. తమ్ముడు కెమెరాకు తగిలించిన తీగ చివరి మీట నొక్కి పట్టుకుంటాడు; వదిలేదాకా షట్టరు తెరిచే ఉంటుంది. కెమెరా మీద తుంపర్లు పడకుండా అక్క గొడుగు పట్టుకుని, ఒకటి నుంచి ఎనిమిది దాకా ఒక్క ఊపిరిలో తాపీగా అంటుంది. ఒక వాచీ కొనుక్కోవయ్యా అని ఎవరైనా అంటే, "మా అక్క ఉండగా అదెందుకు దండగ?" అనేవాడు. మొండిఘటం, వింటేగా!

ఈ వానాకాలం మూడు రీళ్లు వరసగా చెడ్డాయి. నెగెటివులు పలచగా వచ్చాయి. ఫొటోల్లో జలపాతం మసిగుడ్డలా నల్లబడింది. ఫిల్ము కడిగే మందు మార్చాడు. లెన్సు తుడిచాడు. ఫిల్ము అమ్మినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. చివరికి మెకానిక్కు చేత కెమెరా విప్పించాడు.

"దీనికేం రోగం లేదన్నా, గుండ్రాయిలా ఉంది. నువ్వే తొందరగా వదిలేస్తున్నావు," అన్నాడు మెకానిక్కు.

"అక్క ఎనిమిది అన్నాకేనయ్యా నేను వదిలేది!" అని ఎగిరిపడ్డాడు గానీ, వెళ్తూ వెళ్తూ ఆ మెకానిక్కు వాచీయే అడిగి తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కొండ మీది జలపాతం దగ్గర అక్క లెక్క మొదలుపెట్టింది. ఎనిమిది అనేసరికి వాచీలో ఐదు సెకన్లే అయ్యాయి. ఎప్పటిలాగే ఒక్క ఊపిరిలో ముగించింది. ఆ ఊపిరే కురచైపోయింది. గొడుగు పిడిని రెండు చేతులా పట్టుకుని, పెదవులు బిగించి, రొప్పు దాచుకుంటోంది.

 అతను కెమెరాను అనుమానించాడు, మందును అనుమానించాడు, పక్కనున్న మనిషి ముఖం మాత్రం చూడలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఎనిమిది అన్నాను కదరా, వదులు."

"ఎన్నాళ్లయిందక్కా ఈ ఆయాసం?"

అక్క అతని చేతిలోని వాచీని చూసింది. ఇక బుకాయించలేదు. "మూడు నెలలు. చెబితే నన్ను కొండెక్కనిస్తావా నువ్వు?"

"రేపే ఆస్పత్రికి వెళ్తున్నాం."

"వెళ్దాంలేరా. ముందు ఇది తియ్యి."

అతను వాచీని జేబులో పడేసి మళ్లీ మీట నొక్కాడు. ఈసారి లెక్క తనే అందుకున్నాడు. నాలుగు దాకా సరిగ్గానే అన్నాడు. ఆ తర్వాత అక్క వైపు చూసి ఆగిపోయాడు. ఐదు నుంచి అక్క అంది, అంకెకో ఊపిరి పీల్చుకుంటూ.

ఎనిమిది అన్నాక కూడా, ఫొటో తెల్లబడిపోతుందని తెలిసినా, అతను మీట వదల్లేదు.