వేలెడు వేలెడు దిగే కుర్చీ

గిరిధర్ రోజూ హూడిలో ఉన్న ఆఫీసుకు అందరికంటే ముందొచ్చి, టిఫిను డబ్బా బల్ల మీద పెట్టి, కుర్చీ కింది మీట లాగేవాడు. కుర్చీ బుద్ధిగా లేచేది. సాయంత్రానికి మాత్రం ఆయన గడ్డం బల్లకు ఆనేది.

ఎందుకో ఆఫీసంతటికీ తెలుసు, ఆయనకు తప్ప. "మా జిగణిలో..." అన్నప్పుడల్లా కుర్చీ వేలెడు దిగేది.

జిగణిలో ఫ్యాన్ల ఫ్యాక్టరీ స్టోర్సు చూస్తూ చూస్తూ ఆయన నలభై దాటేశాడు. ఫ్యాక్టరీకి తాళం పడ్డాక, రెండువేల మూడులో, ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీలో క్యాబులూ కరెంటూ క్యాంటీనూ చూసే పనిలో చేరాడు. మూడు నెలలు ప్రొబేషన్. నచ్చితే ఉంచుతారు, లేకపోతే ఇంటికే. ఆ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు?

"మా జిగణిలో టీ టయానికి వచ్చేది." వేలెడు.

"మా జిగణిలో డ్రైవర్లు ఎదురు మాట్లాడేవాళ్లు కాదు." ఇంకో వేలెడు.

"మీ ఆఫీసులో పెన్ను తీసుకుంటే తిరిగిచ్చేవాడే లేడు." దీనికి ఏకంగా రెండు వేళ్లు.

పక్క సీటు అచ్యుత్ పొద్దున నిలబడి గుడ్‌మార్నింగ్ చెప్పేవాడు, సాయంత్రం గొంతుక్కూర్చుని బై చెప్పేవాడు. పాపం, మర్యాదస్తుడు.

గిరిధర్‌కు ఒళ్లు మండి రిపేరువాణ్ణి పిలిపించాడు. వాడు కూర్చుని, ఊగి, లేచి, "కుర్చీ బాగానే ఉండాది సార్" అన్నాడు.

"అంటే నేను బాగలేనా?"

వాడు సంచి సర్దుకున్నాడు.

మూడో నెల ముగిసే వారానికి మీట లాగినా కుర్చీ లేవడం మానేసి, నేలకు జానెడెత్తున ఉండిపోయింది. ఊడ్చే పాపక్క వచ్చి చాప పరిచింది. "నేల చల్లగుండాది అప్పా, నడుం పట్టుకుంటాది."

పైన హరిణి ఒకతి. గుంటూరమ్మాయి, ఆయన పై అధికారి, ఆయనకంటే పదిహేనేళ్లు చిన్నది, గొంతు మాత్రం మైకు. "గిరిధర్ గారూ, ఫ్రైడే మీ రివ్యూ. కొంచెం ప్రిపేరై రండి."

"వాళ్లు తీసేసేలోపు నేనే మానేస్తా," అన్నాడు ఇంట్లో.

"మానేసి? ఇంట్లో కుర్చీలు కూడా దించుతారా?" అంది భార్య నళిని.

శుక్రవారం పొద్దున్నే వాన. కరెంటు పోయింది. జనరేటరు మొరాయించింది. పదకొండింటికి ముంబై నుంచి కంపెనీ పెద్దవాళ్లు వస్తున్నారు. హరిణి గదిలో కుర్చీలన్నీ మీటింగుకు తరలిపోయాయి కాబట్టి రివ్యూకు ఎవరి కుర్చీ వాళ్లే తెచ్చుకోవాలి. గిరిధర్ తన కుర్చీ తోసుకుంటూ వెళ్లి కూలబడ్డాడు.

"మా జిగణిలో కరెంటు పోతే..." అని మొదలెట్టేసరికి కుర్చీలో మిగిలిన ఆ కాస్త ఎత్తూ పోయింది. ఇప్పుడాయనకు బల్ల కింద తప్ప ఏమీ కనబడదు.

బల్ల పైన హరిణి ఫోన్‌లో దబాయిస్తోంది. "అంతా రెడీ సార్. నో ప్రాబ్లం అట్ ఆల్."

బల్ల కింద చెప్పులు విడిచిన రెండు పాదాలు. ఒక బొటనవేలు రెండో పాదాన్ని ఆగకుండా గీరుతోంది.

మానేస్తానన్న మాట గిరిధర్ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడింది.

"ఈ సీట్లోకి మీరొచ్చి ఎన్నాళ్లయింది మేడం?"

"మీకంటే రెండు వారాలు ముందు," అంది హరిణి. మైకు ఆఫైపోయింది.

"భయపడొద్దమ్మా. మన జనరేటరు వానొస్తే మొండికేస్తాది, నాలుగుసార్లు తిప్పితే అదే వస్తాది. క్యాబులు మన డ్రైవరు ఆవులప్ప చూసుకుంటాడు. టీ నేను చెప్పిపెట్టినా."

ఆ మాటల మధ్యే కుర్చీ కిర్రుమంటూ లేచింది. గిరిధర్ గమనించలేదు, దిగి జనరేటరు దగ్గరికి పరిగెత్తాడు. హరిణి మాత్రం చివరి ముక్క తల పైకెత్తి వినాల్సొచ్చింది.

మధ్యాహ్నం, వచ్చినవాళ్లు తిని, మెచ్చుకుని వెళ్లాక, ఆమె ఆయన సీటు దగ్గరికొచ్చింది.

"రివ్యూ మీద సంతకం పెట్టేశాను. సోమవారం నుంచి మీరు పర్మనెంటు. కొత్త కుర్చీ తెప్పించమంటారా?"

"దండగెందుకు మేడం? మన కుర్చీలు బాగానే ఉండాయి కదా."

కుర్చీ ఇంకో వేలెడు లేచింది. ఆయన బూట్లు గాల్లో ఊగుతున్నాయి.

పాపక్క చాప నాలుగు మడతలు పెట్టి ఆయన కాళ్ల కిందికి తోసింది.