సోమలింగం బుజ్జగింపు

వడోద్‌లోని ఆ మరమగ్గాల కార్ఖానాలో సోమలింగం ఆరేళ్లుగా మేస్త్రీ. కార్మికులంతా అతనిలాగే సిరిసిల్ల వైపు నుంచి వలస వచ్చినవాళ్లే కాబట్టి, వాళ్లకు ఏం చెప్పాలన్నా సేఠ్ సురేశ్‌భాయ్ అతన్నే పంపేవాడు.

ఒక సోమవారం సేఠ్ పిలిచి, ఇకనుంచి ఒక్కొక్కరు ఎనిమిది కాదు, పన్నెండు మగ్గాలు చూసుకోవాలన్నాడు. "జబర్దస్తీ వద్దు, ప్యార్ సే సమ్‌ఝావో" అని, ప్రేమగా నచ్చజెప్పమని కూడా అన్నాడు.

సోమలింగం పొంగిపోయాడు. మధ్యాహ్నం అన్నం తింటూ భార్య స్వరాజ్యంతో చెప్పాడు. "మనం బుజ్జగించుడంటం జూడు, గది జెయ్యమన్నడు. ఎంత మంచి సేఠో!"

"బుజ్జగిస్తే పన్నెండు మగ్గాలు ఎనిమిదైతయా?" అందామె.

సాయంత్రం అతను అందరికీ తన ఖర్చుతో చాయ్ తాగించాడు. భుజాల మీద చేతులు వేశాడు, పిల్లల చదువులు అడిగాడు. చివరికి అసలు సంగతి చెప్పాడు. ఎవరూ గొడవ చేయలేదు.

అందరిలోకీ పాతవాడు రాంప్రసాద్ వినయంగా అన్నాడు. "నువ్వు చెప్తే కాదంటమా అన్నా? జర ఒక్క షిఫ్ట్ నువ్వు నడిపి చూపెట్టు. నీ చెయ్యి జూసి నేర్సుకుంటం."

"గంతేనా!" అన్నాడు సోమలింగం.

మర్నాడు పన్నెండు మగ్గాల మధ్య నిలబడ్డాడు. ఈ చివర తెగిన పోగు ముడివేసేలోపు ఆ చివర రెండు ఆగిపోయేవి. పదకొండింటికల్లా చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. ఒక తానులో జానెడు మేర నేత చెడింది. రాంప్రసాద్ మంచినీళ్లు తెచ్చి, "జర కూసో అన్నా, తొందరేమున్నది" అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు. అప్పుడు తెలిసింది సోమలింగానికి, నిన్న చాయ్ దగ్గర ఎవరు ఎవర్ని బుజ్జగించారో.

మగ్గాలు ఆపి నేరుగా సేఠ్ గదికి వెళ్లాడు.

"మాన్ గయే?" అడిగాడు సేఠ్.

"వాళ్లు ఒప్పుకున్నరు సేఠ్. నా చేతులే ఒప్పుకుంటలేవు." చెడిన తాను బల్ల మీద పరిచాడు.

సేఠ్ ఆ గుడ్డను తిప్పి చూశాడు. ఎనిమిదే ఉండనిమ్మన్నాడు. మేస్త్రీ పని మాత్రం తన బావమరిదికిచ్చి, సోమలింగాన్ని తిరిగి మగ్గాల మీదికి పంపాడు, చాలా ప్రేమగా, భుజం తట్టి మరీ.

బుధవారం పొద్దున సోమలింగం వచ్చేసరికి రాంప్రసాద్ తన పక్క వరుసలో అతని కోసం ఎనిమిది మగ్గాలకు నూనె పెట్టి ఉంచాడు.