ఫొటో లేని చీర

సంజీవమ్మ ఇంట్లో ఉంటే ప్రొద్దుటూరులో పేపరు కొననక్కర్లేదు. ఎదురింటి బర్రె ఎప్పుడు ఈనిందో, పక్కింటి కోడలు ఎందుకు అలిగి పుట్టింటికి పోయిందో తేదీలతో సహా చెబుతుంది. అంతటి మనిషి, పోయిన వారం కూతురు కుసుమ నిద్రపోక పరధ్యానంగా ఉంటోందని తీసుకెళితే, డాక్టరు "మీ వంశంలో ఎవరికైనా మతి చెదిరిందా? తెలిస్తే మందు సరిగ్గా ఇవ్వొచ్చు" అని అడిగితే మాత్రం, "మా వంశంలో జలుబు గూడా లేదు సార్" అనేసింది. ఈ సాయంత్రం మళ్లీ రమ్మన్నాడాయన.

కుసుమ ఆ మాటే తలుచుకుంటూ మిషను తొక్కుతోంది. బట్టల బజారు సందులో, తలుపంత వెడల్పున్న అంగట్లో పద్దెనిమిదేళ్లుగా చీరలకు ఫాల్స్ కుడుతోంది. కుట్టు వంకర పోయిందని ఏనాడూ ఒక్క చీర తిరిగి రాలేదు. ఈ నెలలో నాలుగు వచ్చాయి. చక్రం తిరిగేటప్పుడు ఎవరో "కుసుమా" అంటున్నారు. మొదట్లో మిషనుకు నూనె వేసింది. ఇప్పుడు మిషను ఆపినా పిలుస్తున్నారు.

"వస్తాండా, ఉండు," అంది కుసుమ.

చీర కోసం వచ్చిన ఖమర్‌బీ వెనక్కి తిరిగి చూసింది. సందులో ఎవరూ లేరు.

"ఎవురితో మాట్లాడ్తాండావు కుసుమా?"

"ఫోన్లో."

ఫోను ఇంట్లో ఉంది. కుసుమ చీర మడిచి ఖమర్‌బీ చేతిలో పెట్టింది.

ఆ రోజు పెద్దల అమావాస్య. మధ్యాహ్నం ఇంటికెళ్లేసరికి సంజీవమ్మ తన అమ్మానాన్నల ఫొటోల ముందు కొత్త బట్టలు పెడుతోంది. నాన్నకు పంచె, అమ్మకు చీర. పక్కన ఇంకో పచ్చచీర. ఏటా దానికీ కుసుమే ఫాల్ కుడుతుంది. అవ్వకు చీరల పిచ్చి కాబోలు అనుకునేది.

"మా, ఈ పచ్చది ఎవురిది?"

"పెద్దలది. చేతులు కడుక్కోని రా."

"నన్ను ఎవురో పిలుస్తాండారు మా. పొద్దున పలికినా గూడా."

సంజీవమ్మ చేతిలోని అగ్గిపుల్ల వేలిదాకా కాలింది.

"పలకొద్దు మే. మా వెంకటమ్మ గూడా పలికేది."

నలభై ఏళ్లలో కుసుమ ఆ ఇంట్లో ఆ పేరు వినలేదు.

"నా చెల్లెలు. గాలి సోకిందనుకున్యాం. నా పెండ్లి చెడిపోతాదని కొట్టంలో పెట్టి బయట గడె ఏసినాం. ఒకనాడు అన్నం పెట్టి, గడె ఏసేది మర్సిపోయినా. మళ్లా పోయేతలికి లేదు."

"యాడికి పోయింది?"

"తెలీదు. పదేండ్లు సూసి, బట్టలు పెడ్తాండా."

కొండాపురం దగ్గర తన పుట్టినూరు గండికోట రిజర్వాయరు నీళ్లలో మునిగినప్పుడు, కొట్టంతో పాటు ఆ సంగతీ మునిగిందని సంజీవమ్మ స్థిమితపడింది. ఆ నీళ్లు కూతురి దాకా వస్తాయనుకోలేదు.

కుసుమ తలుపు వైపు చూసింది. బయటి వైపున కూడా ఒక గడియ ఉందని ఆమె ఇన్నాళ్లూ పట్టించుకోలేదు.

"నాకూ ఏస్తారా మా?"

సంజీవమ్మ దీపం వెలిగించకుండానే లేచి చెప్పులేసుకుంది. "పా."

డాక్టరు నోరు తెరవకముందే ఆమె మొదలుపెట్టింది. "పోయిన వారం లేదన్యా సార్. ఉన్యాది, మా చెల్లెలికి. దాన్ని కొట్టంలో ఏసింది తప్పే, మీతో లేదన్యదీ తప్పే. నాదే తప్పు. రాసుకోండి."

ఇంట్లో, రెండు ఫొటోల పక్కన, మడత విప్పని పచ్చచీర అంచున కుసుమ తెంపడం మరిచిన దారం ఒకటి వేలాడుతోంది.