బజారు మేడ

విజిల్ వినపడగానే చెన్నకేశవులు కడుగుతున్న కప్పు వదిలేసి, అరలోని గాజు గ్లాసుల వరుసకు రెండు అరచేతులూ అడ్డం పెట్టాడు. పక్క స్థలంలో పునాది కోసం బండ పేల్చారు. ఎనిమిదో అంతస్తులోని ఆ ఆఫీసు ప్యాంట్రీలో గ్లాసులు సన్నగా గలగలమన్నాయి.

"ఏంది కేశవన్నా, గవేమన్న ఉరికిపోతయా?" అంది ట్రే తుడుస్తున్న ప్రవీణ.

"అలవాటు లేమ్మా."

యాభై రెండేళ్ళ మనిషికి అది పదేళ్ళ వయసునాటి అలవాటు. అనంతపురం వైపు బంగారు గనుల ఊళ్ళో, కంపెనీవాళ్ళు కట్టించిన రాతి బజారు మేడలో వాళ్ళది గాజుల అంగడి. రోజూ మధ్యాహ్నం గనిలో మందు పేల్చే వేళకు అక్క భూలక్ష్మి ఒకవైపు, తను ఒకవైపు అరలు పట్టుకుని నిలబడేవారు. గని మూతబడి ఇరవై ఏళ్ళు దాటింది. తక్కిన అంగళ్ళన్నీ ఖాళీ అయినా అక్క మాత్రం కదల్లేదు. వ్యాపారమూ పడకా అక్కడే. మూడు రోజులుగా అక్కడ ఒకటే వాన. వెనకగోడ బీటలో చెయ్యి దూరుతోందని అక్క కూతురు మౌనిక నిన్న ఫోటో పంపింది.

పొద్దున అతను ఫోన్ చేస్తే అక్క నవ్వింది. "అన్ని పేలుళ్ళకు నిలబడిన మేడరా ఇది. వానకు పడుతుందా?"

"ఆ పేలుళ్ళకే లోపల గుల్లయిపోయింటాది. రెండో పక్క పట్టుకునేదానికి నేను లేనక్కా ఆడ. బయటికి రా."

అక్క ఫోన్ పెట్టేసింది. ఆ రోజు అతను చక్కెర వద్దన్నవాళ్ళ టీలో చక్కెర వేశాడు. పదకొండేళ్ళ ఉద్యోగంలో అదే మొదటిసారి.

మూడున్నరకు మౌనిక ఫోన్ చేసింది. "మామా, మేడ పడిపోయింది."

"అక్క?"

"ఈడే, నా పక్కనే ఉండాది. పన్నెండుకే గాజులన్నీ ఆటోలో ఏసుకోని మా ఇంటికొచ్చేసింది. రెండో పక్క ఎవురు పట్టుకుంటారే అని గొణుక్కుంటా వచ్చింది."

అక్క ఫోన్ లాక్కుంది. "పెద్ద సద్దు కూడా రాలేదంటరా. నువ్వు తిన్యావా?"

అతను నేలమీదే కూలబడి నవ్వసాగాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఏమైందన్నా? పరేషాన్ చేస్తున్నవ్!"

"ఏం లేదు తల్లీ. టీ పొయ్యి. చక్కెర దండిగా వెయ్యి."

సాయంత్రం మౌనిక ఇంకో ఫోటో పంపింది. రాళ్ళకుప్ప ముందు, మిగిలిన వసారా అంచున, గాజులు తొడిగించుకునే ఆడవాళ్ళు కూర్చునే పొట్టి పీట ఒక్కటి ఉంది. కూర్చుని కూర్చుని నడుమ గుంటపడినచోట వాననీళ్ళు నిలిచి ఉన్నాయి.