చెక్కలో దివిసీమ

"డిజైన్లన్నీ మావేనండీ. కంప్యూటర్ పని మాత్రం మా ఆవిడ చూసుకుంటుంది," అంటారు మా ఆయన శామ్యూల్ రాజ్, తలుపులు చేయించుకోవడానికి వచ్చిన వాళ్ళందరితోనూ.

ఆ కంప్యూటర్ పని అంటే ఏమిటో వాళ్ళూ అడగరు, నేనూ చెప్పను. నెమలి మెడ ఎంత వంగాలో, తామర రేకు ఎక్కడ పైకి లేవాలో ఆలోచించి గీసేది నేను. ఒక చెవి వంటింట్లో కుక్కర్ మీద ఉంటుంది. గీసింది చెక్కే మెషీను బందరులో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది. అందులో పొట్టు ఊడ్చడానికి నేను కావాలి గాని, స్విచ్ వెయ్యడానికి అక్కర్లేదు. "ఆడాళ్ళకి ప్రమాదం. చున్నీ పడుద్ది," అంటారాయన. అదే చున్నీతో పదేళ్ళుగా గ్యాస్ పొయ్యి దగ్గర నిలబడుతున్నాను. అక్కడి ప్రమాదం ఎవరికీ కనబడలేదు.

మా అత్తయ్య ఆనందమ్మ గారిది ఇంకో మాట. "కూచుని చేసేది కూడా పనేనా!"

అలాంటి ఇంటికి తేజస్విని వచ్చింది. వాళ్ళది హంసలదీవి. ఇంట్లో అందరూ సముద్రం మీద వేటకెళ్ళేవాళ్ళే. తను విశాఖలో బొమ్మలు చెయ్యడం చదువుకుంది. ల్యాప్‌టాప్ తెరిచి, బందరుకి ఓడలొచ్చిన కాలం నాటి పటాలూ, సర్వే పటాలూ, ఉపగ్రహం తీసిన ఫొటోలూ ఒకదాని మీద ఒకటి పేర్చి చూపించింది. ఒక్కోదానిలో తీరం ఒక్కోచోట ఉంది. నేల కొన్నిచోట్ల సముద్రంలోకి నడిచింది, కొన్నిచోట్ల వెనక్కి తగ్గింది.

"బందరు నుంచి హంసలదీవి దాకా చెక్కలో కావాలక్కా. పాత తీరాలన్నీ మెట్లు మెట్లుగా దిగాలి. గాజుపెట్టెలో పెట్టను. జనం చేత్తో తడిమి చూడాలి."

ఎత్తుకి తెలుపు, లోతుకి నలుపు, మధ్యలో ఉన్నవాటికి బూడిద రంగులు. అలా గీసిస్తే మెషీను ఆ ప్రకారం చెక్కుతుంది. కాని మా నేల ఎంత చదునంటే, నిజం కొలతల్లో చెక్కితే వేలికి కూడా తగలదు. ఎత్తు పెంచాలి. ఎంత పెంచాలన్నదే ప్రశ్న.

"ఎంత పెంచితే అబద్ధం అవ్వకుండా ఉంటదో నువ్వే చెప్పక్కా," అంది తేజస్విని.

నువ్వే చెప్పు. ఆ మాట నాతో అంతకుముందు ఎవరూ అనలేదు. ఆ పిల్ల నాకంటే పదేళ్ళు చిన్నది. చెరిపి మళ్ళీ గీసినా విసుక్కోదు, తెలియనిది తెలియదని చెప్పడానికి సిగ్గుపడదు. మడ అడవి అంచు గీసేటప్పుడు వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి అడిగేది, ఆయన చెప్పింది పటంతో సరిచూసేది. పక్కన కూర్చుని తనని చూస్తుంటే, పని చేసే మనిషికి ఇంత అందం ఉంటుందా అనిపించేది. నేను గీసేటప్పుడు నన్నెవరైనా ఇలా చూశారా అని కూడా అనిపించేది.

డెబ్బయ్యేడు ఉప్పెనలో కొట్టుకుపోయిన పల్లెలున్న చోట్ల తను చిన్న చిన్న గుంటలు అడిగింది. బొటనవేలు పట్టేంత. వాటిని నేనే గీశాను.

మా ఆయన చెక్కించిన పలకలో ఆ గుంటలు లేవు. పైగా సముద్రం నిండా, పూజగది తలుపుకి చెక్కినట్టు, ఉంగరాల అలలు.

"గుంటలు చూస్తే చెక్క పుచ్చిపోయినట్టుందని పూడ్చేశా. పాత తలుపు డిజైన్లోంచి తీసి అలలు నేనే పెట్టా. బాగుంది కదా?" అన్నారు.

తేజస్విని అరవలేదు. పలక మీద చెయ్యి ఆనించి, "బాగా చెక్కారండీ. కానీ ఇది మా తీరం కాదు," అంది.

"జనం చూడ్డానికి బాగుంటే చాలమ్మా," అని ఆయన తలుపులు బిగించడానికి గుడివాడ వెళ్ళిపోయారు.

షెడ్డులో మేమిద్దరం మిగిలాం. గోడకి ఇంకో వేప పలక ఆనించి ఉంది. "నీకు వచ్చా అక్కా?" అని తేజస్విని మెషీను వైపు చూసింది. పొట్టు ఊడుస్తూ ఇన్నేళ్ళు చూసిన పని రాకపోవడం ఏమిటి? చున్నీ తీసి మేకుకి తగిలించాను. పలక బిగించి, గుంటలతో నేను గీసిన ఫైలే ఎక్కించి, స్విచ్ వేశాను. ఉలి దిగిన మొదటి క్షణం నా వేలు స్విచ్ మీదే ఉంచుకున్నాను. ఆ తర్వాత భయం లేదు. వేప వాసన షెడ్డంతా నిండింది. సముద్రం కిందికి దిగింది, తీరాలు ఒక్కొక్కటిగా తేలాయి.

చప్పుడు ఆగాక అత్తయ్య వచ్చారు. పలక మీదికి వంగి చూశారు.

"ఇదేంటే?"

"దివిసీమ అత్తయ్యా. ఇటు అవనిగడ్డ, ఇటు నాగాయలంక."

ఆవిడ వేలు నాగాయలంక నుంచి మెల్లగా కిందికి జరిగి, ఒక గుంటలో దిగి నిలిచిపోయింది.

"ఇక్కడే మా పల్లె. మా అమ్మా, ఇద్దరు తమ్ముళ్ళూ..." అన్నారు. ఆవిడ పుట్టిల్లు ఉప్పెనలో పోయిందని విన్నానే గాని, ఎవరెవరు పోయారో పెళ్ళయిన నాటి నుంచి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. "ఎవరు చేశారే ఈ గుంట?"

"నేనే అత్తయ్యా."

ఆవిడ వేలు తియ్యకుండానే రెండో చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు.

మా ఆయన గుడివాడ నుంచి వచ్చేసరికి కూడా అత్తయ్య అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఆయన పలకనీ, మెషీన్నీ, మేకుకున్న చున్నీనీ చూశారు.

"నన్నడక్కుండా..."

"దాన్ని ముట్టుకోకురా," అన్నారు అత్తయ్య. "మీ అమ్మమ్మ ఉందక్కడ."

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

తర్వాతి పలక కృష్ణ పెద్ద పాయ సముద్రంలో కలిసే చోటిది. దానికి కొలతలు మేమే వెళ్ళి తీసుకోవాలని తేజస్విని అంది. "నేను వస్తాను," అన్నాను. ఎవరి ముఖమూ చూడలేదు.

"నేను కూడా వస్తానే," అన్నారు అత్తయ్య. "అప్పటి నుంచి అటు కాలు పెట్టలేదు."

మా ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "మరి ఇంట్లో వంటో?" అన్నారు.

బియ్యం డబ్బా ఎక్కడుందో చూపించాను. మర్నాడు పొద్దున్నే అవనిగడ్డ బస్సులో కిటికీ పక్క సీటు అత్తయ్యకి ఇచ్చాను.